బాయిలరు గదిలో పిల్లల బియ్యం

“బాయిలర్ మీరే బంద్ చేసిన్రు అమ్మమ్మా. చెయ్యలేదని ఒట్టేసి చెప్పండి.”

“నేను ఒట్లు వెయ్యను. మాలో ఒట్టు పెట్టుకోవడం తప్పు. కట్టలేదంటే కట్టలేదు.”

“మరి రేడియేటర్ ముట్టుకుంటే ఐసు గడ్డ లెక్క ఎందుకుంది? పొద్దుగాల నుంచి మూడుసార్లు ఆగిపోయింది.”

“ఒక్కొక్కరు అరగంటేసి వేణ్ణీళ్ల కింద నిలబడితే అది మాత్రం ఏం చేస్తుంది? ఒక్క కాగు నీళ్లు ఆరుగురం పోసుకునేవాళ్లం మేము. ఎవరం మురిగ్గా లేము.”

“నేను స్నానం చేసి రెండ్రోజులాయె! హేమకేమో తల పగిలిపోతుంది. పొద్దున వాంతి కూడా చేసుకుంది. నాకూ కళ్లు తిరుగుతున్నయ్.”

“పొట్లాల్లో నూడుల్సు తింటే కళ్లు తిరగక ఇంకేం తిరుగుతాయి?”

“బియ్యం అయిపోయినయ్ అమ్మమ్మా. బస్సుల్లేవు, షాపులు బంద్. మీరేమో బాయిలర్ రూములో డబ్బా నిండా బియ్యం పెట్టి తాళమేసుకున్నరు.”

“ఆ బియ్యం ఊసెత్తకు. అవి దేవుడివి.”

“దేవుడు వండుకుని తింటడా?”

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. “సాయంత్రం నేను వండుతాను, అప్పుడు పైకి రండి. అంతవరకూ దుప్పటి కప్పుకుని పడుకోండి” అని ముఖం మీదే తలుపు వేశాను.

పడుకోమని పంపింది నేనే. ఆ రోజు ఆ ఇద్దరు ఆడపిల్లలు పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదన్నదే ఇప్పుడు రాస్తున్నాను.

దయ్యాల కథలు చెప్పేవాళ్లని నేను గడప ఎక్కనివ్వను. చచ్చిపోయినవాళ్లు లోకాంతంలో కడబూర మోగేదాకా నిద్రలో ఉంటారు, మధ్యలో లేచి తిరగరు అని నాకు చిన్నప్పుడే నేర్పారు. డెబ్బై రెండేళ్లలో చీకట్లో ఒక్కదాన్నే శ్మశానం పక్కనుంచి ఎన్నోసార్లు నడిచాను. ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, కానీ కల్పించి రాయడం మాత్రం నాకు చేతకాదు.

మా అమ్మాయి గ్రేసు హాలిఫాక్స్‌లో నర్సు. ఇక్కడ పాత ఇల్లొకటి కొనుక్కుంది. చెక్క ఇల్లు, కింద బేస్‌మెంటు, గదికొకటి చొప్పున ఇనప రేడియేటర్లు. బేస్‌మెంటులో ఒక మూల చిన్న గదిలో నూనెతో మండే బాయిలరు ఉంటుంది. అది నీళ్లు కాచి గొట్టాల్లోకి పంపితే ఇల్లంతా వెచ్చగా ఉంటుంది. ఆగిపోతే దాని పక్కనున్న ఎర్ర బటను నొక్కాలి. గుర్రుమని మళ్ళీ అందుకుంటుంది.

ఆ ఏళ్లలో మన పిల్లలు విమానాలనిండా దిగుతున్నారు. ఏ బస్సెక్కినా వీపున సంచి వేసుకున్న మనవాళ్లే. చదువుకి సీటు దొరికిన పిల్లలకి తల దాచుకోవడానికి గది దొరికేది కాదు. చర్చి అయిపోయాక మా గ్రేసు దగ్గర నిలబడి, “ఆంటీ, మూలైనా పర్వాలేదు” అని బతిమాలేవాళ్లు. అలా వచ్చినవాళ్లే ఈ ఇద్దరూ. స్వాతిది కరీంనగర్, నోరు పెద్దది. హేమది కడప వైపు, నోరే లేదు. మా అమ్మాయి వాళ్లకి బేస్‌మెంటులోని పెద్ద గది ఇచ్చింది. బాయిలరు గది వాళ్ల గదికి ఎదురుగానే.

ఆ పిల్లలు బటన్లన్నీ తిప్పుతారని బాయిలరు గదికి నేను తాళం వేయించాను. తాళంచెవి నా బొడ్లోనే ఉండేది. ఇంకొకటి గ్రేసు దగ్గర, ఆసుపత్రికి పట్టుకెళ్లే సంచిలో.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. మాలో ఇల్లాలు అన్నానికి ఎసరు పెట్టేటప్పుడల్లా ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నా పెళ్లయిన నాటి నుంచి నేనొక్క పూట కూడా తప్పలేదు, ఇక్కడికి వచ్చాక కూడా. పచ్చడి పోసుకొచ్చిన రేకు డబ్బా ఒకటుంటే కడిగి దానికే పెట్టాను. బాయిలరు గదిలో వెచ్చగా, పొడిగా ఉంటుంది, బియ్యానికి పురుగు పట్టదు. అందుకని ఆ గదిలోనే బల్ల మీద ఉంచేదాన్ని. పూటపూటకీ పిడికిట్లో బియ్యంతో మెట్లు దిగి, తాళం తీసి, డబ్బాలో వేసి, మళ్లీ తాళం వేసి వచ్చేదాన్ని. మోకాళ్లు నొప్పులే, అయినా మానలేదు.

చిన్నప్పుడు మా పేటకి ఆ బియ్యం కోసం, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ వచ్చేది. సంతోషమ్మగారు. తెల్లచీర, చంకలో రేకు డబ్బా. గుమ్మంలోకి వచ్చి వేలికున్న వెండి ఉంగరంతో డబ్బా మీద రెండు దెబ్బలు కొట్టేది, కాస్త ఆగి మూడోది. అప్పుడు పిలిచేది, “పిల్లల బియ్యం తల్లీ!” అని. ఆ బియ్యం మా ఊరి ఆడపిల్లల బోర్డింగుకి వెళ్లేది. ఆ మూడు తరగతులూ నేను చదివింది అక్కడే, ఆ అన్నం తినే. సంతోషమ్మగారు పోయి నలభై ఏళ్లు దాటింది. ఆవిడ మట్టికి నేను వెళ్లాను. పెట్టెని గోతిలోకి దించడం నా కళ్లతో చూశాను.

ఇక నేను చేసిన పని చెప్తాను. దాచను.

తుఫానుకి రెండు రోజుల ముందు బియ్యం వెయ్యడానికి దిగితే బాయిలరు గదిలో కాళ్లకి గాలి రివ్వుమని తగిలింది. చూస్తే గోడకి అడుగున పిడికిలి పట్టేంత కంత, బయటికి తెరుచుకుని ఉంది! ఒక పక్క నూనె పోసి ఇల్లు వెచ్చచేసుకుంటుంటే, ఇంకో పక్క కంతలోంచి చలి లోపలికి వస్తోంది. ఇల్లు కట్టినవాడికి బుద్ధి లేదనుకున్నాను. నా పాత నేత చీర ఒకటి తెచ్చి, గరిటె కాడతో కుక్కి కుక్కి బిగించాను. గాలి ఆగిపోయింది. ఆ రోజంతా నాకెంత సంతోషమో!

అంతకు వారం ముందు ఇంకొకటి చేశాను. పిల్లల గది బయట పైకప్పుకి ఒక తెల్లటి బిళ్ల ఉండేది. బ్యాటరీలు నీరసించి కీచుకీచుమని చెవులు కొరికేస్తోంది. కుర్చీ ఎక్కి బ్యాటరీలు తీసేశాను. పారేయబుద్ధి కాలేదు. గోడ గడియారం ఆగిపోయి ఉంటే దాన్లో వేశాను. గడియారం చక్కగా నడిచింది.

తుఫాను రోజు పొద్దున్నే మొదలైంది. అబ్బ, అదేం మంచు! నిలువునా కాదు, అడ్డంగా కురిసింది. ఎదురింటి కారు పది గంటలకి దిబ్బ, పన్నెండింటికి అసలు లేదు. బస్సులు ఆపేశారు, రేవు దాటించే ఫెర్రీ ఆపేశారు. గ్రేసు ముందు రోజు డ్యూటీకి వెళ్లి, బదులు మనిషి రాలేక అక్కడే ఉండిపోయింది. అల్లుడు ఆఫీసు పని మీద కనాటా అనే ఊరికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నేనూ, కింద ఆ ఇద్దరూ.

బాయిలరు పొద్దున్నే ఆగింది. ఎర్ర బటను నొక్కాను, అందుకుంది. ఇంకో గంటకి ఆగింది, నొక్కాను. పదకొండింటికి మళ్లీ అంతే. అందుకున్నప్పుడు దగ్గుతున్నట్టు చప్పుడు, మసి వాసన. మెకానిక్కుకి గ్రేసు ఆసుపత్రి నుంచే ఫోన్ చేసింది. రోడ్లు తీశాక రేపు పొద్దున్నే వస్తానన్నాడట. ఆ తర్వాతే స్వాతి పైకి వచ్చి నాతో గొడవ పెట్టుకుంది. అది వెళ్లాక నేను సాయంత్రం వంటకి బియ్యం కొలిచి, అందులోంచి పిడికెడు తీసుకుని కిందికి దిగాను. డబ్బాలో వేశాను, మూత బిగించి బల్ల మీద పెట్టాను, నాలుగోసారి బటను నొక్కాను, తాళం వేశాను. పిల్లల గది తలుపు మూసి ఉంది. అలిగారనుకున్నాను. అలగనీ అనుకున్నాను.

పైకి వచ్చి, మేడమీద నా గదిలో రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాను. మధ్యలో రెండు తలుపులు, రెండు వరసల మెట్లు. కిందవాళ్లు అరిచినా నాకు వినబడదు. కాసేపటికి నా గది రేడియేటరు కూడా చల్లబడిపోయింది. బాయిలరు మళ్లీ ఆగిందని తెలిసింది. లేచే ఓపిక లేక ఊరుకున్నాను.

గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఆ బ్యాటరీలు వేసిన గడియారమే. నాకు కునుకు పట్టలేదు. చేతిలో ఊలు అల్లిక ఉంది, కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పుడు వినబడింది. రేకు డబ్బా మీద రెండు దెబ్బలు. కాస్త ఆగి, మూడోది.

నా చెయ్యి ఆగిపోయింది. గదిలోనే, నా ఎదురుగా కొట్టినంత స్పష్టంగా వినబడింది. వెంటనే గొంతు కూడా.

“పిల్లల బియ్యం తల్లీ!”

మీరు నమ్మండి, నమ్మకపోండి, నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది! ఆ క్షణాన సంతోషమ్మగారు నాకు గుర్తే రాలేదు. నాకు తట్టింది ఒక్కటే: ఈ పిల్లలు తాళం తీసేశారు. నా బియ్యం డబ్బా తీసి, పైకి వినబడేట్టు కొట్టి, నన్ను వెక్కిరిస్తున్నారు. బియ్యం కావాలని పాట పాడుతున్నారు. అంతే, దుప్పట్లు విసిరేశాను. మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో, రెండు వరసల మెట్లూ దడదడా దిగేశాను. చేతిలో అల్లిక సూది అలాగే ఉంది. దొంగల్ని పట్టుకుంటున్నానని లోపల ఒకటే ఉత్సాహం!

చివరి మెట్టు దిగగానే కాలికి డబ్బా తగిలింది.

నా డబ్బాయే. పిల్లల గది తలుపుకి ఆనించి, నిటారుగా, మూత బిగించి ఉంది. “దొరికారు దొంగలు!” అని పైకే అన్నాను. తలుపు తట్టకుండానే తోసుకుని లోపలికి వెళ్లాను.

“లేవండే! లేచి సమాధానం చెప్పండి!”

ఎవరూ లేవలేదు. ఇద్దరూ ఒక్క మంచం మీద, చలికి ఒకరినొకరు పట్టుకుని పడుకున్నారు. లైటు వేశాను. స్వాతి ముఖం జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉంది. హేమని పట్టుకుని ఊపితే తల అటూ ఇటూ వాలిపోయింది. చెంప మీద కొట్టాను, గట్టిగా. మూలిగింది, కళ్లు తెరవలేదు. నాకూ ఆ గదిలో నిలబడగానే తల దిమ్మెక్కింది. అప్పుడు తెలిసింది, ఇది నిద్ర కాదని.

బేస్‌మెంటు వెనక తలుపు బయటికి తెరుచుకుంటుంది. అవతల నడుమెత్తు మంచు. భుజం పెట్టి తోశాను, జానెడు తెరుచుకుంది. ఆ జానెడులోంచి మంచుగాలి ఊళ వేసుకుంటూ లోపలికి వచ్చింది. రెండు రోజుల కింద ఏ గాలినైతే తిట్టానో ఆ గాలే! నోరు తెరుచుకుని తాగాను. స్వాతి ముఖానికి గుప్పెడు మంచు రాశాను. కళ్లు తెరిచింది. “అమ్మమ్మా, ఏందిది” అంది, ముద్దముద్దగా.

“ప్రశ్నలు తర్వాత. పాకు. మెట్లెక్కు. పైకి పో!”

పాపం, నాలుగు కాళ్ల మీద పాకింది. హేమని దుప్పటితో సహా నేల మీదికి లాగాను. ఒకప్పుడు వడ్ల బస్తాలు లాగిన చేతులే. వెనక తలుపు దగ్గరికి ఈడ్చి, ముఖం ఆ జానెడు సందుకి పెట్టాను. అక్కడ కూర్చునే గ్రేసుకి ఫోన్ చేశాను. దేవుడి దయ, ఎత్తింది.

“అమ్మా, తలుపులన్నీ తీసెయ్యి, బయటికి వచ్చెయ్యండి, ఆపదొస్తే చెయ్యమని నేను చెప్పిన ఆ నంబరుకి చెయ్యి!” అని అరిచింది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ రోజు వాడేశాను. టూ గర్ల్స్, స్లీప్, నో గెటప్, కమ్ ఫాస్ట్. ఇంటి నంబరూ వీధి పేరూ గ్రేసు ఏనాడో బట్టీ పట్టించింది. అది పనికొచ్చింది.

మంచు తీసే బండి ముందు, ఎర్ర ఫైరింజను బండి వెనక వచ్చాయి. టోపీలు పెట్టుకున్న మనుషులు గడప దాటుతుంటేనే వాళ్ల చేతిలో ఉన్న యంత్రం కూతపెట్టింది. ఒకతను హేమని పసిపిల్లలా ఎత్తుకుపోయాడు. ఇంకొకతను బాయిలరు గది దగ్గరికి వెళ్లి తలుపు లాగాడు. రాలేదు. నా వైపు తిరిగి చెయ్యి చాపాడు.

తాళం వేసే ఉంది!

బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. అతనే తీశాడు. బాయిలరు స్విచ్చి కట్టేసి బయటికి వచ్చి, పైకప్పు మీది తెల్లబిళ్ల మూత తెరిచి చూశాడు. లోపల ఖాళీ. ఆ ఖాళీని నాకు వేలితో చూపించాడు. వాసన లేని విషపు గాలి ఉంటుందట, ఆ బిళ్ల దాన్ని కనిపెట్టి అరుస్తుందట. బాయిలరు ఆగినా ఆ గాలి పోదట, మూసిన గదుల్లో అలాగే నిలిచి ఉంటుందట. ఇవన్నీ గ్రేసు తర్వాత చెప్పింది.

పిల్లలిద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాకు కూడా ముక్కుకి గొట్టం పెట్టి చూసి, బాగానే ఉన్నానని పక్కింటి ముసలావిడ దగ్గర వదిలిపెట్టారు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. చారు లాంటిదేదో ఇచ్చింది, తాగాను. గ్రేసు ఫోన్ చేసి పిల్లలు కళ్లు తెరిచారు, మాట్లాడుతున్నారు అని చెప్పేదాకా నేను మోకాళ్ల మీదే ఉన్నాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు లెక్క వేసుకున్నానో. డబ్బాని నేనే బయట పెట్టి మరిచిపోయి ఉంటానా? ముసలిదాన్ని, అలా జరగొచ్చు. కానీ బల్ల మీద పెట్టిన చప్పుడు నాకు గుర్తుంది. పైగా తలుపుకి ఆనించి ఉన్న డబ్బాని కాలితో తన్నకుండా నేను మెట్లెక్కి వచ్చే వీల్లేదు. పిల్లలు తీశారా? తాళం వేసే ఉంది, ఎర్రబండి మనిషే సాక్షి. గ్రేసు తాళంచెవి గ్రేసు సంచిలోనే ఉంది, అడిగాను. గొట్టాలు చల్లబడేటప్పుడు టకటకమంటాయని అల్లుడు అంటాడు. అనొచ్చు. రెండు కొట్టి, ఆగి, మూడోది కూడా కొట్టొచ్చు. రేడియేటరు “తల్లీ” అని మాత్రం పిలవదు కదా! విషపు గాలి నా తలకి కూడా ఎక్కి అలా వినబడిందేమో అని గ్రేసు అంటుంది. ఎక్కితే డబ్బా ఎలా నడిచింది?

ఇంకొకటి. డబ్బా అక్కడ లేకపోతే నేను నేరుగా బాయిలరు గదికే వెళ్లేదాన్ని. తాళం చూసుకుని, నా బియ్యం నాకు భద్రంగా ఉందనుకుని, పైకి వెళ్లి మళ్లీ దుప్పట్లో దూరేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. పిల్లల్ని చూడ్డానికి ఆ తలుపు తీసేదాన్ని కాదు. దొంగల్ని పట్టుకోవడానికైతే తీస్తాను. తీశాను. అది తెలిసినవాళ్లెవరో ఆ డబ్బా అక్కడ పెట్టారు.

ఎవరో నాకు తెలియదు. చచ్చినవాళ్లు నిద్రలోనే ఉంటారని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ గొంతు సంతోషమ్మగారిదని కూడా నమ్ముతున్నాను. రెండూ ఎలా కుదురుతాయని నన్నడక్కండి. నేను చదివింది మూడో తరగతే.

మర్నాడు పొద్దున్న ఎండ కాసింది, రోడ్లు తీశారు, గ్రేసు ఇంటికి వచ్చింది. మెకానిక్కు తొమ్మిదింటికి వచ్చాడు. బాయిలరు మూత విప్పి మసి చూపించాడు, తర్వాత గోడ దగ్గర కూర్చుని కంతలోంచి చీర లాగడం మొదలుపెట్టాడు. లాగుతూనే ఉన్నాడు, వస్తూనే ఉంది. మంట మండడానికి గాలి కావాలట, ఆ గాలి అక్కణ్ణుంచే రావాలట. ఎవరు పెట్టారని అడిగాడు. గ్రేసు నా వైపు చూసింది. “నేనే” అన్నాను. గ్రేసు తెల్లబిళ్లలో కొత్త బ్యాటరీలు వేసింది. పదింటికి గొట్టాల్లో నీళ్లు కదిలిన చప్పుడైంది, రేడియేటరు చెయ్యి కాలేంత వేడెక్కింది. బాయిలరు గది తాళాన్ని చీరలో చుట్టి చెత్తబుట్టలో వేశాను.

పదకొండింటికి పిల్లల్ని ఇంటికి తెచ్చాం. డబ్బా మూత తీసి, ఆ బియ్యంతోనే అన్నం వండాను. చారు పెట్టాను, వడియాలు వేయించాను. ఎసరు పెట్టేముందు అలవాటుగా పిడికెడు తీసి పక్కన పెట్టబోయి, మళ్లీ గిన్నెలోనే వేశాను.

“ఇవి దేవుడి బియ్యం కదా అమ్మమ్మా?” అంది స్వాతి, కంచం ముందు కూర్చుని.

“పిల్లల బియ్యం. తిను” అన్నాను.

హేమ నోరు తెరిచి ఇంకొంచెం కావాలని అడిగింది. పెట్టాను. మళ్లీ అడిగింది. మళ్లీ పెట్టాను.